బెయిలు ఇచ్చారు సరే, జామీను ఎవరిస్తారు? హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. వినతిపత్రాలు ఇచ్చాం, రసీదులు తీసుకున్నాం, "సంబంధిత అధికారులకు పంపడమైనది" అన్న జవాబులు కూడా జాగ్రత్తగా ఫైలు చేసుకున్నాం. ఆ సంబంధిత అధికారి ఎవరో తెలిస్తే ఆయనకే రాసేవాళ్లం. తెలియలేదు గనక మీకు, నలుగురి ముందూ రాస్తున్నాం. మేం మేజిస్ట్రేటు కోర్టుల్లో దొంగతనం కేసుల ముద్దాయిల తరఫున వాదించే న్యాయవాదులం. ఐపీసీ, సీఆర్‌పీసీల స్థానంలో వచ్చిన కొత్త చట్టాల గురించీ, పేద ఖైదీల సాయం పథకం గురించీ మీకు మేం చెప్పనక్కర్లేదు. చట్టం పుస్తకంలో ఉన్నదానికీ, స్టేషన్లో, జైలు గేటు దగ్గర జరుగుతున్నదానికీ మధ్య దూరం మాత్రం చెప్పాలి.

దొంగతనం కేసు ఎంత పెద్దదో ఇప్పుడు ఎఫ్‌ఐఆర్‌లో ఒక్క గడి తేలుస్తోంది: "పోయిన సొత్తు మొత్తం విలువ". ఐదు వేల లోపు సొత్తు, మొదటి తప్పు, వస్తువో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 303(2) కింద శిక్ష సమాజ సేవే. అది నాన్‌కాగ్నిజబుల్, బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగా వస్తుంది. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తే మొదలుపెట్టకూడదు. ఐదు వేలు దాటితే అదే సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, పైగా నాన్‌బెయిలబుల్. మనిషి బతుకును ఇటో అటో వేసే ఆ అంకె ఎక్కడి నుంచి వస్తోంది? ఫిర్యాదీ నోటి నుంచి స్టేషన్ రైటరు పెన్నులోకి. మూడేళ్ల కిందట పదమూడు వేలకు కొన్న ఫోను, అద్దం పగిలింది, బ్యాటరీ పూట కూడా నిలవదు, సెకండ్‌హ్యాండ్ షాపులో మూడు వేలకు మించి రాదు. ఎఫ్‌ఐఆర్‌లో మాత్రం పదమూడు వేలే. బిల్లు అడగరు, వస్తువు దొరికాక పంచనామాలో మళ్లీ విలువ కట్టరు, కట్టినా సెక్షన్ మార్చమని మెమో వేయరు. ఆ తేడా బయటపడేది ట్రయల్లో, మేం సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేసినప్పుడు. అప్పటికి ముద్దాయి జైల్లో ఉండాల్సినంతా ఉండేసి ఉంటాడు.

విలువ పెంచడానికి వీల్లేని చోట స్థలం అక్కరకొస్తుంది. బస్టాండులో జేబు కొడితే 303. అదే చెయ్యి అదే పర్సును నడుస్తున్న బస్సులో కొడితే 305, ఏడేళ్లు. ఇంట్లోనే కాదు, సరుకు దాచే ఏ కట్టడమైనా 305 కిందికే వస్తుంది కాబట్టి, సూపర్ మార్కెట్ అరలోంచి నూట ఇరవై రూపాయల తల నూనె సీసా తీసినా ఏడేళ్ల సెక్షనే. ఐదు వేల మినహాయింపు 303కి మాత్రమే. ఇది పార్లమెంటు రాసిన తేడా, మీది కాదు, ఒప్పుకుంటాం. కానీ ఇద్దరు కలిసి దొంగిలించారనగానే చిన్న తరహా వ్యవస్థీకృత నేరం అని 112 కూడా తగిలించడం మాత్రం మీ స్టేషన్ల పనే. ఆ సెక్షన్‌కు కనీస శిక్షే ఏడాది. ముఠా అనడానికి ఆధారమేదని అడిగితే, ఇద్దరున్నారు కదండీ అంటారు.

మూడేళ్లయినా ఏడేళ్లయినా, ఏడేళ్లు మించని నేరంలో అరెస్టు తప్పనిసరి కాదని 2014లో సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పు నుంచి వింటూనే ఉన్నాం. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద నోటీసు ఇచ్చి పిలిపించొచ్చు. కుటుంబ తగాదా కేసుల్లో ఆ నోటీసు పద్ధతిగా ఇస్తున్నారు. దొంగతనం కేసుకు వచ్చేసరికి రిమాండ్ రిపోర్టులో "పారిపోయే అవకాశం ఉంది, మళ్లీ నేరం చేసే అవకాశం ఉంది" అన్న రెండు వాక్యాలు అచ్చు గుద్దినట్టు పడతాయి. పేరు, క్రైమ్ నంబరు మారతాయి, అంతే. కొన్నిసార్లు పేరు మార్చడం కూడా మరిచిపోతారు.

ఇక అసలు సంగతి. ఒక కేసులో మనిషి దొరికాడంటే ఒప్పుకోలు పంచనామా రాస్తారు. అందులో ఆ కేసు ఒక్కటే ఉండదు, చుట్టుపక్కల స్టేషన్లలో తేలకుండా పడి ఉన్న ఐదారు దొంగతనాలు కూడా అతనే "స్వచ్ఛందంగా" ఒప్పుకుంటాడు. ఏ తేదీన, ఏ వీధిలో, ఎన్ని గ్రాములు తీశాడో రెండేళ్ల తరవాత కూడా గడగడా చెప్పేస్తాడు. అంత జ్ఞాపకశక్తి ఉన్నవాడు దొంగతనాలు ఎందుకు చేస్తున్నాడో మాకు అర్థం కాదు. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 23 ప్రకారం పోలీసు ముందు ఒప్పుకోలు చెల్లదు, దాని వల్ల బయటపడ్డ వస్తువు మేరకే చెల్లుతుంది. రికవరీ లేని ఆ ఐదారు కేసులు ట్రయల్లో నిలబడవని మాకు తెలుసు, ప్రభుత్వం తరఫున వాదించే మీ ఏపీపీలకూ తెలుసు. కానీ ట్రయల్ దాకా మనిషి నిలబడాలి కదా. సోదా, స్వాధీనం మొత్తం వీడియో తీయాలని బీఎన్‌ఎస్‌ఎస్ 105 చెబుతుంటే, మాకు అందే పెన్‌డ్రైవ్‌లో సంచి విప్పే ముక్క మాత్రమే ఉంటుంది. ఆ సంచి అక్కడికి ఎలా వచ్చిందో ఏ వీడియోలోనూ ఉండదు.

ఆ ఐదారు కేసుల్లో పీటీ వారెంట్లు, అంటే జైల్లో ఉన్న మనిషిని ఇంకో కేసులో హాజరుపరచమనే వారెంట్లు వేస్తారు. అన్నీ ఒకేసారి వేస్తే మేమూ అన్నిటికీ కలిపి బెయిలు పిటిషన్లు వేసుకుంటాం. అలా వేయరు. మొదటి కేసులో బెయిలు వచ్చి జామీను కాగితాలు సిద్ధమయ్యాక రెండో స్టేషన్ వారెంటు జైలుకు చేరుతుంది. అది తేలేసరికి మూడోది. ఒక్కో కేసులో రిమాండు తేదీ వేరు, కాబట్టి చార్జిషీటు వేయడానికి ఉన్న 60 రోజుల గడువు కూడా ఒక్కో దానికి మళ్లీ మొదటి నుంచి. తొలిసారి ముద్దాయి గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావాళ్లు సగం జైల్లో గడిపితే వదలాలన్న బీఎన్‌ఎస్‌ఎస్ 479 వీళ్లకు పనికొస్తుందనుకుంటున్నారేమో. ఒకటికి మించి కేసులుంటే ఆ మేలు లేదని అదే సెక్షన్ రెండో ఉపసెక్షన్ అంటోంది. అంటే ఒప్పుకోలు పంచనామాలో అదనంగా చేర్చిన ఒక్క వాక్యం ఆ తలుపు కూడా మూసేస్తుంది.

అన్నిటిలో బెయిలు వచ్చిందనుకుందాం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న చోటికి ఇప్పుడు వచ్చాం. ఆరు కేసులు, ఒక్కో దానికి ఇద్దరు జామీనుదార్లు, ఒక్కొక్కరు పది వేలకు పూచీ. పన్నెండు మంది కావాలి. ఒక్కొక్కరూ సొంత పేరున ఇంటి పన్ను రసీదో పాస్‌పుస్తకమో, ఆధార్, ఫోటోలు తేవాలి. ఇంతకు ముందు ఎంతమందికి పూచీ ఉన్నారో బీఎన్‌ఎస్‌ఎస్ 486 కింద డిక్లరేషన్ ఇవ్వాలి. పత్రాలు నిజమైనవేనా అని తహసీల్దారుకు పంపితే ఆ నివేదిక వచ్చేదాకా లోపలే. ముద్దాయి తల్లి పోరంబోకులో గుడిసెలో ఉంటుంది, ఆమె పేరున పన్ను రసీదే పుట్టలేదు. దొంగతనం కేసులో ఇరుక్కున్నవాడికి పూచీ ఉంటే రేపు స్టేషన్ నుంచి ఫోన్లు వస్తాయని బంధువులు ముఖం చాటేస్తారు. మిగిలింది కోర్టు గేటు దగ్గర పన్ను రసీదు జేబులో పెట్టుకుని కాచుక్కూచునే అద్దె జామీనుదార్లు. వాళ్లకు రేటుంది. రసీదు దొంగదని తేలితే అది ఇంకో కేసు.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది: బెయిలు వచ్చి ఏడు రోజుల్లో ఖైదీ బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి, నెలలో కూడా జామీను ఇవ్వలేకపోతే షరతు సడలించే విషయం కోర్టు తనంత తానే చూడొచ్చు, స్థానిక జామీనే కావాలని పట్టుబట్టకూడదు. 2024 ఆగస్టు 22న, పదమూడు కేసుల్లో బెయిలు వచ్చినా జామీనుదార్లు దొరకని మనిషి విషయంలో, ఒక రాష్ట్రంలోని అన్ని కేసులకూ అదే ఇద్దరు సరిపోతారని తేల్చింది. మేం ఆ తీర్పు చూపిస్తే మీ ఏపీపీ లేచి "ఇతను పాత నేరస్థుడు, అభ్యంతరం ఉంది" అంటారు. పాత నేరం ఏమిటంటే, అవే పీటీ వారెంటు కేసులు. ఒక్కదానిలోనూ శిక్ష పడలేదు.

జామీను కోర్టుల వ్యవహారం, మాకేం సంబంధం అని మాత్రం అనకండి. పీటీ వారెంట్లు వేసేది మీ పోలీసులు. ఏడు రోజులు లెక్కపెట్టాల్సింది మీ జైలు సూపరింటెండెంట్. పేద ఖైదీల పథకం జిల్లా కమిటీలో కలెక్టరు, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, జడ్జి గారి పక్కన ఎస్పీ, జైలు అధికారీ కూర్చోవాలన్నాయి 2023 మార్గదర్శకాలు. ఒక్కో కేసుకు 40,000 రూపాయల దాకా ఇవ్వొచ్చని కూడా అప్పట్లో అవే చెప్పాయి. మాకు వచ్చే జవాబు ఇది: బెయిలు ఉత్తర్వులో "ఇద్దరు జామీనుదార్లు" అని ఉంది, డబ్బు కట్టమని లేదు, కాబట్టి పథకం వర్తించదు. బీఎన్‌ఎస్‌ఎస్ 490 కింద పూచీకి బదులు నగదు కట్టుకోనివ్వమని కోర్టును అడగొచ్చు కదా అంటే, ఆ ఉత్తర్వు తెచ్చుకోండి చూస్తాం అంటారు. ఉత్తర్వు తెస్తే కమిటీ సమావేశం కాలేదు. సమావేశమైతే విచారణ నివేదిక రాలేదు. డబ్బు ఉంది, పథకం ఉంది, ఖైదీ ఉన్నాడు. ముగ్గురూ కలుసుకోవడం లేదు.

ఈ ఆలస్యం ఎక్కడికి దారి తీస్తుందో కూడా వినండి. సొత్తు విలువ ఇరవై వేలు మించని దొంగతనాలను సమ్మరీగా, అంటే క్లుప్త పద్ధతిలో విచారించాలని బీఎన్‌ఎస్‌ఎస్ 283 అంటోంది. సమ్మరీ ట్రయల్లో మూడు నెలలు మించి జైలు శిక్ష వేయకూడదు. జామీను లేక ఆ మూడు నెలలు ముందే దాటేసిన మనిషికి జైల్లో తోటి ఖైదీలు ఒక దారి చెబుతారు: నేరం ఒప్పేసుకో, ఉన్న రోజులు శిక్షలోంచి సెటాఫ్ అవుతాయి, సాయంత్రానికి ఇంట్లో ఉంటావు. ఒప్పేసుకుంటాడు. వద్దని మేం చెప్పినా వినడు, వినే స్థితిలో ఉండడు. ఆ సంతకంతో ఏం పోతుందో మీ అధికారులకు బాగా తెలుసు. ఐదు వేల లోపు సమాజ సేవ ఇక లేదు. ప్రొబేషన్ చట్టం సెక్షన్ 3 కింద మందలించి వదిలే అవకాశం లేదు. 479లో తొలిసారి ముద్దాయికున్న మూడో వంతు లేదు. మళ్లీ 303 కింద శిక్ష పడితే ఏడాదికి తగ్గకుండా ఐదేళ్ల దాకా కఠిన కారాగారం. అన్నిటికీ మించి బీఎన్‌ఎస్ సెక్షన్ 13 ఉంది. మూడేళ్లు, ఆపైన శిక్ష పడదగ్గ ఆస్తి నేరంలో ఒకసారి దోషి అయినవాడు అలాంటి నేరమే మళ్లీ చేస్తే పదేళ్లు, లేదంటే యావజ్జీవం దాకా వేయొచ్చు. చెయ్యని దొంగతనాన్ని ఇంటికి పోవడానికి ఒప్పుకున్నవాడు ఈసారి నిజంగానే పాత నేరస్థుడు. స్టేషన్లో సస్పెక్ట్ షీటు తెరుచుకుంటుంది. వీధిలో సైకిలు పోయినా ముందు అతని ఇంటి తలుపే కొడతారు.

అయ్యా, అమ్మా, ఎలా పిలిస్తే వింటారో అలాగే పిలుస్తాం. ఒక సర్క్యులర్ ఇప్పించండి. ఒక ముద్దాయి మీద ఉన్న పీటీ వారెంట్లన్నీ మొదటి రిమాండు నుంచి పదిహేను రోజుల్లోపే వేయాలని, ఆ తరవాత వేస్తే ఎందుకు ఆలస్యమైందో డీఎస్పీ రాతపూర్వకంగా చెప్పాలని. సొత్తు దొరికిన రోజే విలువ మళ్లీ కట్టి, ఐదు వేలకు తగ్గితే సెక్షన్ మార్పు మెమో వెంటనే వేయాలని. 35(3) నోటీసు దొంగతనం కేసులకూ ఇమ్మని. అన్ని కేసులకూ అదే ఇద్దరు జామీనుదార్లంటే ఏపీపీలు అభ్యంతరం చెప్పొద్దని. కమిటీ సమావేశం కావాలని, కాకపోతే ఎందుకు కాలేదో ఎవరో ఒకరు జవాబు చెప్పాలని. బెయిలు వచ్చీ లోపలే ఉన్న దొంగతనం కేసుల ఖైదీల జాబితా ప్రతి జైలు నుంచీ నెలనెలా తెప్పించుకోండి. సంఖ్య మాత్రమే కాదు, పేరు, క్రైమ్ నంబరు, బెయిలు వచ్చిన తేదీ, జామీను మొత్తం ఉన్న జాబితా. జైలు రిజిస్టర్లో అవన్నీ ఉన్నాయి, కొత్తగా ఎవరూ రాయనక్కర్లేదు. ఆ జాబితా మాకు ఇవ్వకపోయినా ఫరవాలేదు, మీ బల్ల మీద ఉంటే చాలు. పీటీ వారెంట్ల సర్క్యులర్ మాత్రం ముందు ఇప్పించండి.

ఇట్లు,
దొంగతనం కేసుల్లో ముద్దాయిల తరఫున వాదించే న్యాయవాదులు