ఒక్క సీసాతో పంపేశారు: జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి బహిరంగ లేఖ

అయ్యా,

పోయిన వేసవిలో మా పిన్ని గ్యాస్ మంటల్లో కాలింది. ఒంట్లో 40 శాతం అన్నారు. మా దగ్గర్లోని ఆస్పత్రిలో ఒక అర లీటరు సెలైన్ సీసా పెట్టి, పెద్దాసుపత్రికి రాసేశారు. సీసా సగం దారిలోనే అయిపోయింది, రెండోది లేదు. యూరిన్ బ్యాగులో నాలుగు చుక్కలు, డికాషన్ రంగులో.

కాలిన ఒంట్లో రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరిపోతుంది. మొహం ఉబ్బుతుంది, లోపల మాత్రం బీపీ పడిపోతుంది, కిడ్నీలు మొరాయిస్తాయి. ఎంత ద్రవం ఎక్కించాలో చెప్పే, డాలస్‌లోని పార్క్‌లాండ్ ఆస్పత్రి పేరుతో ఉన్న లెక్క మీకు తెలిసిందే: బరువు కిలోల్లో, కాలిన శాతం, 4 మిల్లీలీటర్లు, ఈ మూడూ గుణించాలి. 60 కిలోల మా పిన్నికి 24 గంటల్లో 9,600 మిల్లీలీటర్ల రింగర్ లాక్టేట్ (సెలైన్ లాగే నరంలోకి ఎక్కించే ద్రవం). అందులో సగం మొదటి 8 గంటల్లో. ఆ 8 గంటలు కాలిన క్షణం నుంచి లెక్క, వార్డులో చేర్చుకున్నప్పటి నుంచి కాదు! ఇప్పుడు చాలామంది 4కి బదులు 2 మిల్లీలీటర్లతోనే మొదలుపెడుతున్నారు, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందని. ఏదైనా, పెద్దవాళ్లకి గంటకి కిలోకి అర మిల్లీలీటరు యూరిన్ వస్తోందా అని చూస్తూ తగ్గించాలి, పెంచాలి.

ప్రతి పీహెచ్‌సీలో పది రింగర్ సీసాలు, ఒక కాథెటర్ (యూరిన్ గొట్టం) ఉంచండి. రిఫర్ చీటీ మీద కాలిన టైము, ఎక్కించిన సీసాలు రాయించండి. మా చీటీ మీద పిన్ని పేరు, వయసు తప్ప ఏమీ లేదు.

ఇట్లు,
మీ జిల్లా వాసి