సాహాగంజ్ టైర్ల ఫ్యాక్టరీ కథకు చేయూతనిచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు

సాహాగంజ్ డన్‌లప్ ఫ్యాక్టరీ మీద వ్యాసం రాస్తున్నాను, తెలిసినవాళ్లు చెప్పండి అని అడిగితే ఇంతమంది ముందుకొస్తారని అనుకోలేదు. వ్యాసం పూర్తయింది. పేరుపేరునా చెప్పుకోవాలని ఉన్నా, చాలామంది పేర్లు వద్దన్నారు కాబట్టి మీరు చేసిన సాయం గురించే రాస్తున్నాను.

పశ్చిమ బెంగాల్‌లోని హుగ్లీ జిల్లాలో 1936లో మొదలైన ఈ ఫ్యాక్టరీ మన దేశంలో తొలి టైర్ల ఫ్యాక్టరీ. 1990ల చివర్లో మూతపడింది, మళ్లీ తెరిచారు. 2005లో రుయా గ్రూపు అనే వ్యాపార సంస్థ చేతికి వెళ్లింది. 2011 అక్టోబరులో పని ఆగిపోయింది. తర్వాత కంపెనీని మూసివేయమని కలకత్తా హైకోర్టు ఆదేశించింది. పాత పత్రికలు తిరగేస్తే దొరికేది దాదాపు ఇంతే. లోపల పని ఎలా జరిగేదో, అది ఆగితే ఏం పోతుందో మీరు చెబితేనే తెలిసింది.

అందరికంటే ఎక్కువ రుణపడింది టైర్ బిల్డింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయనకు. ఉత్తరాంధ్ర నుంచి హుగ్లీ ఒడ్డున మిల్లులకు వలస వెళ్లిన కుటుంబం వారిది. మాట్లాడే తెలుగులో సగం బెంగాలీ. డ్రమ్ము మీద రబ్బరు పట్టించిన నైలాన్ పొరలు ఒక్కొక్కటే చుట్టడం, రెండు అంచుల్లో టైరును చక్రానికి పట్టి ఉంచే ఉక్కు తీగల కట్ట (బీడ్) కూర్చోబెట్టడం, పైన రోడ్డుకు తగిలే పొర (ట్రెడ్) వేసి రోలర్‌తో నొక్కుతూ గాలి బయటికి పంపడం, అన్నీ ఖాళీ చేతులతోనే చేసి చూపించారు. పొరల మధ్య కాస్త గాలి చిక్కుకున్నా టైరును అచ్చులో ఉడికించే ప్రెస్ వేడికి అక్కడ బుడగ లేస్తుంది, ఆ టైరు పనికిరాదు. అందుకే అతుకు మీద అరచేయి పెట్టి నిమిరి చూసుకునేవారట. అది చెబుతూ టేబుల్ అంచు మీద ఆయన చెయ్యి నిమిరిన తీరు నాకు ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఆయన చెప్పిన ఇంకో మాట వ్యాసం దారే మార్చేసింది. గంధకం, మిగతా మందులు కలిపిన రబ్బరు ఎక్కువ కాలం నిలవ ఉండదు. ప్లాంటు ఆగితే ఆ సరుకంతా పాడవుతుంది. మళ్లీ తెరిచేసరికి చెయ్యి తిరిగిన పనివాళ్లు కొందరు వేరేచోట చేరిపోయి ఉంటారు, డీలర్లు వేరే బ్రాండ్లు పెట్టుకుని ఉంటారు. మళ్లీ తెరిచారన్న వార్త బయటివాళ్లకు శుభవార్త. లోపలివాళ్లకు మాత్రం ప్రతిసారీ కొంత బలం తగ్గాకే పని మొదలయ్యేది. చివరి మూసివేత కంటే ఈ ఆగడం, తెరవడమే ఎక్కువ దెబ్బ తీసిందని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

రేడియల్ టైర్ల సంగతి ఓపిగ్గా బొమ్మ గీసి వివరించిన ఇంజనీరు గారికి ధన్యవాదాలు. పాత పద్ధతి టైర్లలో దారాలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుతాయి. రేడియల్‌లో ఈ అంచు నుంచి ఆ అంచుకి తిన్నగా వెళ్తాయి, పైన ఉక్కు బెల్టు వస్తుంది. పాత యంత్రాలకు చిన్నచిన్న మార్పులు చేస్తే సరిపోదు, పెద్ద పెట్టుబడి కావాలి. అందుకే రేడియల్‌కి మారడం పాత ప్లాంట్లకు అంత కష్టమైంది.

కోర్టు కాగితాలు చదివిపెట్టిన లాయరమ్మా, మీరు లేకపోతే ఆ భాగం రాయగలిగేదాన్ని కాదు. కంపెనీ మూతపడి ఆస్తులు అమ్మినప్పుడు, తాకట్టు పెట్టుకున్న బ్యాంకులతో సమానంగా కార్మికుల బకాయిలకూ హక్కు ఉందని, 1985 సవరణతో అప్పటి కంపెనీల చట్టంలో చేరిన 529ఏ సెక్షన్ చూపించి చెప్పారు. హక్కు ఉండటం వేరు, డబ్బు చేతికి రావడం వేరు అని కూడా మీరే అన్నారు. 2016లో రాష్ట్ర శాసనసభ ఫ్యాక్టరీని ప్రభుత్వం తీసుకునేలా బిల్లు ఆమోదించినా యంత్రాలు మళ్లీ తిరగలేదు. ఇది రాస్తుంటే చాలా బాధేసింది.

బెంగాలీ పత్రికల కత్తిరింపులను తెలుగులో చెప్పిన తమ్ముడికి, ఫొటోలు నమ్మి నా చేతికిచ్చిన కుటుంబాలకు కూడా ఎంతో కృతజ్ఞతలు. స్కానింగ్ అయిపోయింది, అసలు ఫొటోలు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందగానే ఒక్క మెసేజ్ పెట్టండి. పెద్దాయనకు వ్యాసం పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించి పంపుతున్నాను. ఎక్కడైనా తేడా కనిపిస్తే పెన్నుతో కొట్టేసి పంపండి, సరిచేశాకే అచ్చుకి ఇస్తాను.