శాలువాలు తగ్గించండి, పాట వినిపించండి

సంపాదకునికి,

ఎండాకాలం వచ్చిందంటే హైదరాబాదులో నాకు వడగాడ్పుల కంటే సాంస్కృతిక సాయంత్రాలంటేనే భయం. త్యాగయ్య, అన్నమయ్య జయంతులు మే నెల చుట్టుపక్కలే వస్తాయి, సంతోషమే. కానీ ఆరు గంటలకని ఆహ్వానం, ఏడున్నరకు ముఖ్య అతిథి రాక. ఆపైన జ్యోతి ప్రజ్వలన, జ్ఞాపికలు, వేదిక నిండా ఉన్న పెద్దల ఉపన్యాసాలు. నలభై డిగ్రీల వేడిలో శాలువా ఎవరికి కావాలండీ? కూచిపూడి పిల్లలు ముఖాన రంగు కరిగిపోతుండగా తెర వెనుక కూర్చునే ఉంటారు. చివరికి గాయనికి ‘త్వరగా ముగించండి’ అని చీటీ అందుతుంది. ఆలాపన ఎగిరిపోతుంది, మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనం ఊసే ఉండదు. మృదంగం వాయించే ఆయన ఎందుకు వచ్చినట్లు?

ఆరుబయట కచేరీలది మరో బాధ. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లోనే వచ్చాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. మా వీధిలో మాత్రం వీణకు కూడా కిటికీ అద్దాలు అదురుతాయి.

నిర్వాహకులకు ఒకటే మనవి: ముందు కచేరీ పెట్టండి, సన్మానాలు తరువాత చేసుకోండి. అప్పుడు కుర్చీల్లో ఎవరు మిగులుతారో లెక్క పెట్టుకోవచ్చు.

– ఒక పాత శ్రోత, అంబర్‌పేట, హైదరాబాదు