మనవరాలు కూడా ఆధారపడిన మనిషే: ఆర్థిక మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారం. ఆదాయపు పన్ను చట్టంలో మినహాయింపులకు లెక్కలోకి వచ్చే కుటుంబ సభ్యుల్లో మనవలనూ మనవరాళ్లనూ చేర్చమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. దానితోపాటు మరో మాట కూడా ఉంది. పెద్దవాళ్లయినా తమ కాళ్ల మీద తాము నిలబడలేని పిల్లల్ని పోషిస్తున్న తల్లిదండ్రులకు, మినహాయింపులు చాలావరకు లేని కొత్త పన్ను విధానంలోనూ ఊరట ఇవ్వండి.

నేను కాకినాడలో ప్రభుత్వ కళాశాల అధ్యాపకురాలిని. 2021 మేలో కరోనా రెండో దశలో మా అమ్మాయి, అల్లుడు రోజుల తేడాలో చనిపోయారు. వాళ్ల పాప అప్పటినుంచీ నా దగ్గరే పెరుగుతోంది. ఇప్పుడు ఏడో తరగతి చదువుతోంది. అలాంటి పిల్లల కోసం కేంద్రం అదే నెల 29న పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ పథకం ప్రకటించింది. 23 ఏళ్లు వచ్చేసరికి పది లక్షల రూపాయలు అందేలా ఏర్పాటు చేసింది. అందుకు కృతజ్ఞురాలిని. ఈ లేఖ మాత్రం ఆ 23 ఏళ్లు వచ్చేలోగా పిల్లను రోజూ పెంచే మనిషి గురించి.

మాకు ఏటా ఫిబ్రవరి జీతం బిల్లుతో ఆదాయపు పన్ను (ఐటీ) స్టేట్‌మెంట్ ఇవ్వాలి. నేను మినహాయింపులు ఉన్న పాత విధానంలోనే ఉన్నాను. పాప స్కూలు ఫీజు రసీదు, మా ఇద్దరికీ కలిపి తీసుకున్న ఆరోగ్య బీమా రసీదు జత చేశాను. ఫీజు రసీదు వెనక్కి వచ్చింది. బీమాలో పాప వాటా కొట్టేశారు. ఆఫీసువాళ్ల తప్పేమీ లేదు, చట్టమే అలా ఉంది. 80సీ సెక్షన్ కింద ట్యూషన్ ఫీజు సొంత పిల్లల్లో ఇద్దరికే చెల్లుతుంది. ఆరోగ్య బీమాకి పెట్టిన 80డీలో తాను, జీవిత భాగస్వామి, ఆధారపడిన పిల్లలు, తల్లిదండ్రులు ఉన్నారు. వైకల్యం ఉన్నవారి కోసం పెట్టిన 80డీడీలో, పెద్ద జబ్బుల వైద్యానికి పెట్టిన 80డీడీబీలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా ఉన్నారు. మనవడు, మనవరాలు ఎక్కడా లేరు. (2025లో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో ఈ నంబర్లన్నీ మారాయని తెలుసు. అందరికీ అలవాటైనవి కాబట్టి పాతవే రాస్తున్నాను.)

ఉమ్మడి కుటుంబాన్నే ఒక పన్నుదారుగా చూపి, హిందూ అవిభక్త కుటుంబం పేరుతో రిటర్ను వేస్తే సభ్యులెవరి మీద కట్టిన బీమాకైనా మినహాయింపు వస్తుంది. అక్కడా కొడుకు పిల్లలు సభ్యులవుతారు, కూతురి పిల్లలు కారు. పైగా నా జీతం నా సొంత ఆదాయం, దాన్ని కుటుంబం ఖాతాలో చూపించలేను. తెలిసిన ఆడిటర్ ఒకాయన మంచి మనసుతోనే, "పాపను దత్తత తీసుకోండమ్మా, దత్తత పిల్లలు కూడా చట్టం దృష్టిలో పిల్లలే" అన్నారు. చట్టం మాట నిజమే. కానీ ఆ పిల్ల రికార్డుల్లో తల్లిదండ్రుల పేర్లుగా వాళ్లమ్మ పేరు, వాళ్లనాన్న పేరు ఉన్నాయి. తనకి వాళ్లు మిగిల్చి వెళ్లినవాటిలో అవీ ఉన్నాయి. పన్ను మినహాయింపు కోసం వాటిని చెరిపే పని నేను చెయ్యను. అలా చెయ్యాల్సిన అవసరం ఎవరికీ రాకూడదు.

అమ్మా, ఇదే చట్టం మరోచోట మనవరాలిని బాగానే గుర్తుపడుతుంది. నేను పాపకి బంగారం ఇచ్చినా, డబ్బిచ్చినా, ఇల్లు రాసినా ఆ బహుమతి మీద పన్ను లేదు. ఎందుకంటే బహుమతుల నిబంధనలో బంధువు అంటే వంశంలో పైవారు, కిందివారు అందరూ వస్తారు. అంటే ఆస్తి ఇచ్చేటప్పుడు మనవరాలు నాకు బంధువే, బీమా కట్టేటప్పుడు మాత్రం ఏమీ కాదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం పార్లమెంటు 2007లో చేసిన చట్టం చూడండి. అందులో పిల్లలు అనే మాటకి మేజరైన మనవడు, మనవరాలు కూడా వస్తారు. అమ్మమ్మ, నానమ్మ, తాతయ్యలను పోషించే బాధ్యత వాళ్ల మీద పెట్టారు. మంచి చట్టం. రేపు మా పాప ఉద్యోగంలో చేరి నాకు బీమా కట్టిందనుకోండి, 80డీలో తల్లిదండ్రులే ఉన్నారు కాబట్టి తనకీ మినహాయింపు రాదు. బాధ్యత రెండు తరాలు దాటి వస్తోంది, మినహాయింపు ఒక తరం దగ్గరే ఆగిపోతోంది.

దీన్ని సరిచెయ్యడానికి కొత్త ఆలోచన ఏమీ అక్కర్లేదు. చదువు అప్పు మీద వడ్డీకి 80ఈలో ఇచ్చే మినహాయింపు, చట్టబద్ధ సంరక్షకులుగా ఉన్న విద్యార్థికి కూడా వర్తిస్తుంది. సుకన్య సమృద్ధి ఖాతా విషయంలోనూ సంరక్షకులకు 80సీ వర్తించేలా రాశారు. ఈ రెండు చోట్లా ఉన్న మాటనే ట్యూషన్ ఫీజుకి, ఆరోగ్య బీమాకి, వైకల్యానికి కూడా రాయమంటున్నాను. ఒక్క ఇబ్బంది ఉంది. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం సహజ సంరక్షకులు తల్లీ తండ్రే. అమ్మమ్మ, తాతయ్య సంరక్షకులు కావాలంటే 1890 నాటి చట్టం కింద కోర్టుకి వెళ్లాలి. వకీలు ఫీజు, వాయిదాలు ఎందుకని, పిల్ల ఇంట్లోనే ఉందిగా అని చాలామంది ఆ ఆర్డరు తెచ్చుకోరు. అలాంటివారికి తల్లిదండ్రుల మరణ ధృవీకరణ పత్రాలు, పిల్ల తమ దగ్గరే ఉన్నట్టు బడి రికార్డు, రేషన్ కార్డు సరిపోయేలా చూడండి.

ఇక పెద్దయిన పిల్లల సంగతి. గ్రూప్స్‌కి చదువుతున్న పిల్లలకి ఇంటినుంచి డబ్బు పంపే తల్లిదండ్రులు మన దగ్గర లెక్కలేనంతమంది ఉన్నారు. తెలంగాణలో 2022 గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయి, 2024లో మళ్లీ నోటిఫికేషన్ వచ్చింది. అన్నేళ్లూ ఆ పిల్లల ఖర్చు ఇంటి మీదే పడింది. పాత విధానంలో ఆధారపడిన పిల్లలకి 80డీలో వయసు పరిమితి లేదన్న సంగతి వాళ్లలో చాలామందికి తెలియదు. తెలిస్తే కొంతయినా వాడుకుంటారు. వాళ్ల కోసం నేను ఇంతకన్నా అడగను. ఆ పిల్లలకి ఇవాళ కాకపోతే రేపు సొంత సంపాదన వస్తుంది.

నేను అడిగేది ఆ రేపు లేని పిల్లల కోసం. మా కాలేజీలో నాతోపాటు పనిచేసే ఒకాయన కొడుక్కి ముప్పై దాటాయి. మానసిక ఎదుగుదల లేదు. స్నానం చేయించాలి, అన్నం తినిపించాలి. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 80 శాతం పైనే. 80డీడీ కింద ఆయనకి ఏటా 1,25,000 రూపాయల మినహాయింపు వస్తుంది. 30 శాతం శ్లాబులో సెస్‌తో కలిపి 39,000 రూపాయలు మిగులుతాయి. మనిషిని పెట్టుకోవాలంటే ఆ డబ్బు కొన్ని నెలలకి కూడా చాలదు. 2015లో పెంచిన ఆ పరిమితి ఇప్పటికీ అలాగే ఉంది. కొత్త విధానంలోకి మారితే అది కూడా పోతుంది. 2023-24 నుంచి కొత్త విధానమే డిఫాల్ట్, అంటే పాతది కావాలని మనం చెప్పకపోతే అదే వర్తిస్తుంది. అందులో 80డీ లేదు, 80డీడీ లేదు, వైకల్యం ఉన్నవారు తమకోసం వాడుకునే 80యూ కూడా లేదు. పన్ను విధానం సులువుగా ఉండాలంటే మినహాయింపులు తగ్గాలన్న మీ వాదన నాకు అర్థమవుతుంది. ఇంటి అప్పు, పొదుపు పథకాలు మనం ఎంచుకునేవి. వాటిని తీసేశారంటే సరే. కొడుకు వైకల్యం ఎవరు ఎంచుకున్నారు? సంపాదించే తండ్రి చేతిలో నిజంగా మిగిలేది ఎంతో చూడకుండా పన్ను వేస్తే అది సులువైన పన్ను కావచ్చు, న్యాయమైన పన్ను కాదు.

కొత్త విధానంలో పన్నెండు లక్షల ఆదాయం దాకా పన్నే లేదు కదా అని మీ అధికారులు అంటారు. నిజమే, జీతగాళ్లకి స్టాండర్డ్ డిడక్షన్‌తో 12.75 లక్షలు. చాలామంది పెన్షనర్లకి అది పెద్ద ఊరట. ఆ గీత దాటినవాళ్లలో, ఇద్దరే ఉండి అదే జీతం తెచ్చుకునే ఇంటికీ, తల్లిదండ్రులు లేని మనవలని సాకే ఇంటికీ ఒకే పన్ను పడుతోందని మాత్రమే నా బాధ. ఒకప్పుడు మన దేశమే ఈ తేడా చూసింది. 1950ల చివర్లో పెళ్లయినవారికి పిల్లలు లేకపోతే 3,000, ఒక బిడ్డ ఉంటే 3,300, ఇద్దరుంటే 3,600 రూపాయల ఏడాది ఆదాయం దాకా పన్ను ఉండేది కాదు.

అందరూ మనవల పేరు చెప్పి దుర్వినియోగం చేస్తారన్న భయం ఉంటే దానికీ దారి ఉంది. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లనడిగినా చెబుతారు. అక్కడ డిపెండెంట్ నిర్వచనంలో మనవలు ఉన్నారు. ఏడాదిలో సగానికి పైగా మన దగ్గరే ఉండాలి. పిల్ల వయసు 19 లోపు, చదువుకుంటుంటే 24 లోపు ఉండాలి. శాశ్వత వైకల్యముంటే వయసుతో పని లేదు. ఒకే బిడ్డని ఇద్దరు చూపిస్తే ఎవరికి హక్కో కూడా రాసి పెట్టారు, తల్లిదండ్రులకే మొదటి చోటు. మన దగ్గర రిటర్ను ఫారంలోని 80డీడీ షెడ్యూల్‌లో ఇప్పటికే ఆధారపడిన వ్యక్తి పాన్, ఆధార్ అడుగుతున్నారు. మనవలకీ ఆ నంబరే అడగండి. ఒక నంబరు రెండు రిటర్నుల్లో కనిపిస్తే మీ కంప్యూటర్లే పట్టేస్తాయి.

మీరు నరసాపురం కోడలు. అమ్మమ్మగారింట్లో, నానమ్మగారింట్లో పెరిగే పిల్లల గురించి మీకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆరోగ్య బీమా మీద జీఎస్టీ తీసెయ్యమని ఎన్నాళ్లుగానో అడిగితే 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీలకి తీసేశారు. ఆరు దశాబ్దాల పాత చట్టం పక్కనపెట్టి 536 సెక్షన్లతో కొత్తది తెచ్చారు. వచ్చే ఫైనాన్స్ బిల్లులో మూడు చిన్న సవరణలు పెట్టండి. 80డీ, 80డీడీ, 80డీడీబీల జాబితాల్లో ఆధారపడిన మనవలను చేర్చండి. అనాథలైన మనవల ట్యూషన్ ఫీజుని 80సీలోకి తీసుకోండి. వైకల్యానికి ఇచ్చే మినహాయింపులను కొత్త విధానంలోనూ ఉంచండి, వాటి పరిమితిని పెంచండి.

ఇట్లు,
ఒక ప్రభుత్వ కళాశాల అధ్యాపకురాలు,
కాకినాడ