గ్రంథాలయ పన్నుతో ఇంగ్లిష్ పుస్తకాలు కొనండి

సంపాదకులకు,

గుంటూరు బ్రాడీపేటలో జిరాక్స్ షాపుల ముందు స్పైరల్ బైండింగ్ చేసిన 'వర్డ్ లిస్ట్'లు కట్టలు కట్టలుగా కనిపిస్తాయి. ఎడమవైపు ఇంగ్లిష్ మాట, కుడివైపు ఒక్క ముక్కలో అర్థం. విదేశాలకు వెళ్లేవాళ్లే కాదు, బ్యాంకు పరీక్షలు రాసేవాళ్లు, ఇంటర్ పిల్లలు కూడా వాటిని ఎక్కాల్లా బట్టీ పడుతున్నారు. విదేశాల్లో పై చదువుల కోసం జీఆర్ఈ అనే ప్రవేశ పరీక్ష రాయబోతున్న మా పక్కింటి అమ్మాయి రాత్రి పదింటికి డాబా మీద పచార్లు చేస్తూ వల్లె వేస్తుంటుంది. ఆ మాటలు పెట్టి నాలుగు వాక్యాలు రాయమ్మా అంటే, "వాక్యాలు టెస్టులో రావు తాతగారూ" అంది.

నిజానికి వచ్చేవి వాక్యాలే. 2011 ఆగస్టులోనే జీఆర్ఈ నుంచి వ్యతిరేక పదాల ప్రశ్నలు తీసేశారు. ఇప్పుడిస్తున్నది సందర్భం పట్టుకుంటే తప్ప పూరించలేని ఖాళీలు. పరీక్ష మారినా జిరాక్స్ కట్టలు మాత్రం అవే.

ఒక మాట మనకు వంటబట్టాలంటే అది వేర్వేరు చోట్ల మళ్లీ మళ్లీ తగలాలి. చదివితే తప్ప అది కుదరదు. ఒకప్పుడు ఢాకాలో ఇంగ్లిష్ బోధనపై పనిచేసిన మైఖేల్ వెస్ట్, తక్కువ మాటలతో తేలిక పుస్తకాలు రాసి బెంగాల్ పిల్లల చేత చదివించాడు. ఇంగ్లిష్‌లో తరచూ వాడే మాటలతో 1953లో ఆయన వెలువరించిన పట్టికలో ఉన్నవి సుమారు 2,000 మాటలు. ఆ పైన కాలేజీ చదువుకు పనికొచ్చే 570 పద కుటుంబాలను, అంటే ఒకే మాట నుంచి పుట్టిన మాటల గుంపులను, 2000లో భాషా పరిశోధకురాలు అవెరిల్ కాక్స్‌హెడ్ ఏరి పెట్టారు. ఈ రెండూ పట్టుబడితే పాఠ్యపుస్తకాల్లో చాలా భాగం దారికొస్తుంది. మనవాళ్లు ఇవి రాకుండానే ఎవరూ వాడని మాటల వెంట పడుతున్నారు.

ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. నేను వెళ్లే గ్రంథాలయంలో ఇంగ్లిష్ అలమార నిండా పాత పోటీ పరీక్షల గైడ్లే. నిఘంటువు ఉంది, తాళం వేసిన బీరువాలో. అడిగితే ఇస్తారట. పదో తరగతి పిల్లాడు వెళ్లి అడుగుతాడా?

అధికారులను కోరేది పెద్ద ఖర్చేమీ కాదు. ప్రతి శాఖా గ్రంథాలయంలో వాక్యాల ఉదాహరణలున్న విద్యార్థి నిఘంటువులు రెండు బల్ల మీదే ఉంచండి. స్థాయిల వారీగా వచ్చే చిన్న కథల పుస్తకాలు ఒక అరకు సరిపడా కొనండి. డబ్బు చాలకపోతే విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాతవి కొన్నా మాకు అభ్యంతరం లేదు. ట్యూషన్ల నుంచి పిల్లలు వచ్చేసరికి తలుపులు మూసేస్తున్నారు కాబట్టి, సాయంత్రం ఇంకో గంట తెరిచి ఉంచండి. వేసవి సెలవుల్లోపు ఇవి జరిగితే ఈ ఏడాది పిల్లలకే అక్కరకొస్తాయి.

- ఒక విశ్రాంత ఇంగ్లిష్ అధ్యాపకుడు, బ్రాడీపేట, గుంటూరు