బుజ్జి పుట్టల వేలు పెట్టిన సంగతి

బిడ్డా,

రాత్రి ఫోన్‌ల నీతోని సరిగ్గ మాట్లాడలేకపోయిన, మీ అమ్మ పక్కనే కూసోని నన్నే గుడ్లురిమి చూస్తుండె. బుజ్జి వేలు వాచిందని నువ్వు చెప్పంగనే నాకు గుండె గుబేల్‌మన్నది, ఎందుకంటే ఆ పుట్టల వేలు పెట్టమని చెప్పింది ఒకరకంగ నేనే. పోయిన ఆదివారం వీడియో కాల్‌ల ఏడు చేపల కథ చెప్పిన కదా, "నా బంగారు పుట్టల వేలు పెడితే కుట్టనా" అని చీమ గొంతుతోని నేను అంటుంటే పొల్ల పడి పడి నవ్వింది. నాలుగేండ్ల పిల్ల, నిజంగ కుడతదా లేదా చూద్దామని ఆడ టెక్సాస్‌ల మీ బ్యాక్‌యార్డ్‌ల పుట్ట వెతుక్కొని మరీ పెట్టింది. మీ అమ్మ నిన్నటి సంది నాతోని మాట్లాడుతలేదు, చాయ్ మాత్రం టైముకు ఇస్తున్నది.

నువ్వు పంపిన ఫోటో పెద్దగ చేసి చూసిన. మర్నాటికల్లా తెల్లగ చీము లెక్క పొక్కులు లేసినయంటే అది ఫైర్ యాంటే, కుడితే నిప్పు లెక్క మండే ఎర్రచీమ, ఇంకోటి కాదు. ఆ పొక్కులు గిల్లనియ్యకు, లోపల ఉన్నది మామూలు చీము కాదు, పగిలితేనే ఇన్ఫెక్షన్ పడతది. పిల్లకు గోర్లు కత్తిరించు, ఐస్ పెట్టు, దురదకు ఏమియ్యాలో మీ డాక్టర్‌ని అడుగు. ఇంకోసారి కుట్టినప్పుడు మూతి వాచినా, ఒళ్ళంత దద్దుర్లు లేసినా, ఊపిరాడకున్నా మాకు ఫోన్ చేసుకుంట కూసోకు, ముందు 911 కొట్టు.

నేను మొదలు ఇవి మన మామిడి చెట్టు మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమల్లాంటివి అనుకున్న. కాదు. మనది కొరికి పులుపు చిమ్ముతది అంతే, ఇది నోటితోని చర్మం పట్టుకొని వెనక ముల్లుతోని పొడుస్తది, పట్టు ఇడవకుండ చుట్టూ తిరుక్కుంట మళ్ళ మళ్ళ పొడుస్తది. దీని చుట్టం ఒకటి మన దేశంల కూడ ఉన్నది గని మీ దగ్గర ఉన్నది ఇంకా మొండిది. దక్షిణ అమెరికాది అది, 1930లల్ల ఓడలల్ల అలబామాల మొబీల్ రేవుకు దిగిందట. 1942ల ఆ రేవు దగ్గర దాని పుట్టను గుర్తు పట్టింది ఎవరో తెలుసా, పదమూడేండ్ల పిల్లగాడు! ఈ.ఓ. విల్సన్, తర్వాత చీమల మీద ప్రపంచంలనే పెద్ద సైంటిస్టు అయిండు. అంటే పుట్టల్ల వేళ్ళు పెట్టే పిల్లలందరు చెడిపోరు, ఈ ముక్క మీ అమ్మకు కూడ చెప్పిన, నవ్వలే.

ఇగ అసలు సంగతి. అల్లుడు పెట్రోల్ పోస్తా అన్నడంట గద, వద్దంటె వద్దను. నేను గీ పని చేసి చూసినోన్ని. మనం ఉప్పల్ ఇంట్లకి వచ్చిన కొత్తల నిమ్మచెట్టు మొదట్ల పుట్ట లేస్తే సీసెడు కిరసనాయిలు పోసిన, మొనగాన్ని లెక్క. మూడు దినాలకు చీమలు కాంపౌండ్ గోడ అవతలకెళ్ళి ఇంకో బొక్క చేసుకున్నయి, నిమ్మచెట్టు మాత్రం ఎండిపోయింది. మీ దగ్గర ఎండకు గడ్డి అసలే కరకరలాడుతుంటది, పెట్రోల్ పోస్తే మంట అంటుకునే భయం వేరే, మట్టి ఖరాబయ్యేది వేరే. మసిలే నీళ్ళు పోస్తే కొంత నయం, ఒక పుట్టకు పది పదకొండు లీటర్లు పోయాలె, అదీ నూటికి అరవై సార్లే పనిచేస్తది, మిగిలినప్పుడు చీమలు రాణిని తీస్కొని పక్కకు జరుగుతయి. పైగ టెక్సాస్‌ల శానా పుట్టలల్ల రాణి ఒక్కతే ఉండదు, పదుల కొద్ది ఉంటయి, ఒకదాన్ని చంపితే ఒరిగేదేం లేదు.

ఆ చీమను దాని పుట్ట లోపలి నుంచి కొట్టాలె గని బయట నుంచి కాదు. టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్ళు చెప్పేది గిదే, రెండు మెట్ల పద్ధతి అంటరు. ముందుగాల బెయిట్, అంటే ఎర, సోయా నూనెల మందు కలిపి మక్క నూకకు పట్టించింది, యార్డ్ అంతా పల్చగ చల్లాలె. పెద్ద చీమలు గట్టి తిండి తినలేవు, నూకను లోపలికి తీస్కపోయి దానికి పట్టిన నూనె పీల్చి ఒకదాని నోటికెళ్ళి ఇంకోదానికి తాపుకుంటయి, పురుగు పిల్లలకు, రాణికి కూడ అవే తాపుతయి. సొంతోళ్ళ చేతనే విషం పెట్టించుడు, మాట వింటే మంచిగనిపియ్యది గని పనిచేసేది ఇదే. ఎకరానికి పౌండు, పౌండున్నర చాలు, మీ జాగ ఎకరంల ఆరో వంతు కూడ ఉండదు గద, వంద గ్రాములకు అటిటు, మన లెక్కల గ్లాసెడు. ఎక్కువ చల్లితే ఎక్కువ చస్తయి అనుకోవద్దని అల్లునికి చెప్పు, పప్పుల ఉప్పు గూడ ఆయన గట్లనే ఏస్తడు.

చల్లే ముందు చీమలు తిండికి తిరుగుతున్నయా చూడాలె. ఒక ఆలుగడ్డ చిప్ పుట్టకు కొంచెం దూరంల పెట్టు, అరగంటల చీమలు పట్టినయంటే ఆ టైం కరెక్టు. మధ్యాహ్నం ఎండల వద్దు, పొద్దుగూకే ముందు చల్లు, గడ్డి పొడిగ ఉండాలె, మర్నాడు దాక వాన పడొద్దు, స్ప్రింక్లర్ బంద్ పెట్టు. పాత డబ్బా కొనకు, నూనె కంపు కొడితే చీమ మూతి పెట్టదు. పుట్టను మాత్రం కదిలియ్యకు, కట్టెతోని పొడిస్తే తిండి మీద ధ్యాస పోయి కుట్టనీకే వస్తయి. ఇగ రెండో మెట్టు, వారం పది దినాలైనంక అప్పటికీ లేసి కనపడే పుట్టల మీద, ముఖ్యంగ వాకిలి దగ్గరియి, ఒక్కొక్కదానికి వేరే మందు ఏసుకోవచ్చు. బెయిట్ డబ్బా మీద ఇండాక్సాకార్బ్ అని మందు పేరు ఉంటే కొన్ని దినాలల్లనే తేడా తెలుస్తది, మెథోప్రీన్ అసుంటివి గుడ్లు ఆపుతయి గని నెలలు పడతది.

నీకు నెలలు లేవు బిడ్డా, బతుకమ్మకు ఇంకా ఇరవై దినాలే. ఈసారి పక్కింటోళ్ళను, ఆఫీసోళ్ళను అందర్ని మీ బ్యాక్‌యార్డ్‌లకే పిలిచినవ్, గడ్డిల ఉత్త కాళ్ళతోని గుండ్రంగ తిరిగే ఆట అది. ఒక్క పుట్ట మీద ఒక్కామె కాలు పడితే చాలు, వచ్చే ఏడు నీ గడప ఎవ్వరు తొక్కరు. అందుకే ఈ శని, ఆదివారాలల్లనే చల్లుండ్రి.

బెండ, గోంగూర మడులల్ల మాత్రం అదే మందు చల్లొద్దు. ఈ చీమలు బెండ మొగ్గలను కొరుకుతయి, నువ్వు పూతరాలుతుందని ఏడ్చింది అందుకేనేమో, గని అక్కడికి కూరగాయల తోటకు పనికొస్తదని లేబుల్ మీద రాసిన బెయిటే తేవాలె, స్పైనోసాడ్ రకంల దొరుకుతయి. లాన్ మొత్తం పొడి మందు కొట్టి చీమ అన్నది లేకుండ చెయ్యాలని కూడ అనుకోకు. 1950లల్ల గవర్నమెంటోళ్ళు విమానాలల్ల నుంచి మందు చల్లితే పిట్టలు సచ్చినయి, అక్కడి నాటు చీమలు సచ్చినయి, ఖాళీ అయిన జాగకు మళ్ళ మొట్టమొదలు ఈ ఎర్రయే వచ్చినయి.

ఇంకొకటి, ఇది నా డిపార్ట్‌మెంట్ కాబట్టి చెప్తున్న, ముప్పై రెండేండ్లు కరెంటు ఆఫీసుల చేసినోన్ని. ఏసీ బయటి యూనిట్ ఉట్టిగనే ఆగిపోతున్నదన్నవ్ గద, అందుల చీమలు దూరినయేమో చూపిచ్చు. కాంటాక్టర్ల మధ్య, అంటే కరెంటు కలిపే స్విచ్ ముక్కల నడుమ, ఒక్కదానికి షాక్ కొడితే అది వాసన ఇడుస్తది, ఆ వాసనకు ఇంకా వందలు వచ్చి పడతయి, సచ్చిన చీమలు నిండి స్విచ్ కలవదు. అల్లుడు మూత విప్పుతా అంటే ముందు మెయిన్ బంద్ చెయ్యమను, లేకుంటే మెకానిక్‌ని పిలువుండ్రి.

శనివారం పొద్దుగూకంగ చిప్ పెట్టినంక నాకు వీడియో కాల్ చెయ్యి, ఇక్కడ ఆదివారం తెల్లారుతది, నేను నాలుగింటికే లేస్త. బుజ్జిని దూరంగ వరండాల నిలబెట్టి చూపెట్టు, ఎన్ని చీమలు వచ్చినయో లెక్కపెట్టే పని దానికియ్యి, బూట్లు తొడిగి. కథ మాత్రం ఈసారి మీ అమ్మ చెప్తదట.

మీ నాయిన