ఆరోగ్య శాఖ మంత్రి గారికి: రాత్రి పూట పిల్లలకి ఎంఆర్ఐ ఎప్పుడు తీస్తారు సార్?

మంత్రి గారికి నమస్కారం. గాజువాక నుంచి రాస్తున్నాను. మా బాబుకి అక్యూట్ నెక్రోటైజింగ్ ఎన్‌సెఫలోపతి అని, జ్వరం వెనకే మెదడు వేగంగా దెబ్బతినే జబ్బు వచ్చింది. కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్లి అర్జీ ఇచ్చాం, మీ ఆఫీసుకీ పంపాం, కొన్నాళ్లకి సమస్య పరిష్కారం అయిపోయిందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో మాకైతే ఎవరూ చెప్పలేదు.

అరుదైన జబ్బే, కాదనను. 1995లో జపాన్ డాక్టర్లు దీన్ని విడిగా గుర్తించారట. ఎక్కువగా ఫ్లూ లాంటి వైరల్ జ్వరం తోనే మొదలవుతుంది, ఒకట్రెండు రోజుల్లోనే ఫిట్స్, మగత, కోమా. మెదడువాపు అనగానే ఇక్కడ అందరూ దోమలు, జేఈ (దోమల వల్ల వచ్చే జపనీస్ మెదడువాపు) టీకా గురించే అడుగుతారు, ఇది అది కాదు సార్. ఎంఆర్ఐలో రెండు పక్కలా థాలమస్ (మెదడు లోపలి భాగం) దెబ్బతిన్నట్టు కనిపిస్తేనే తేలుతుంది. మొదటి 24 గంటల్లో స్టెరాయిడ్ పడితే కోలుకునే అవకాశం ఎక్కువని డాక్టర్లే చెప్తారు.

ఆ 24 గంటలు మాకెలా పోయాయో చూడండి. రాత్రి ఫిట్స్‌తో తీసుకెళ్తే సీటీలో తెలియట్లేదు ఎంఆర్ఐ కావాలన్నారు, ఎంఆర్ఐ రూంకి తాళం, టెక్నీషియన్ పొద్దున్నే వస్తాడు, పొద్దున్న ఆయనొచ్చాక పిల్లాడు కదలకుండా ఉండాలంటే మత్తు డాక్టర్ కావాలి, ఆయనేమో థియేటర్‌లో ఉన్నారు, ఈలోగా ఆరోగ్యమిత్ర దగ్గరికెళ్తే కార్డులో బాబు పేరు ఎక్కలేదు సచివాలయానికి వెళ్లి రండి అన్నారు. ఐసీయూలో పిల్లాడిని పెట్టుకుని నేను సచివాలయంలో లైన్లో నిలబడ్డాను సార్! ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంజెక్షన్ మందు బయట కొనమంటే బంగారం తాకట్టు పెట్టి తెచ్చాం.

బాబు బతికాడు. ఈ జబ్బులో చాలామంది పిల్లలు పోతారు, అందుకు దేవుడికి దండం. కానీ ఎడమ చెయ్యి లేవట్లేదు, మాట మళ్లీ మొదటి నుంచి నేర్పిస్తున్నాం. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ అంతా మా చేతి డబ్బే.

మేం వైజాగ్‌లోనే ఉండి ఇలా అయితే పాడేరు, చింతపల్లి నుంచి ఘాట్ రోడ్డు దిగి వచ్చేవాళ్ల సంగతేంటి? వాళ్లకి సగం టైం దారిలోనే పోతుంది కదా.

దయచేసి విశాఖలో ఒక్క ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా పిల్లలకి 24 గంటలూ ఎంఆర్ఐ, మత్తు డాక్టర్ ఉండేలా చూడండి. ఇలాంటి కేసుల్లో ముందు మందు మొదలెట్టమనండి, కార్డు, అప్రూవల్ తర్వాత చూసుకోవచ్చు. ఫ్లూ టీకా ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో లేదు, ప్రైవేట్‌లో డబ్బు పెట్టి వేయించాలని మాలాంటోళ్లకి చెప్పేవాళ్లు కూడా లేరు, అదీ ఆలోచించండి. ఈసారైనా మెసేజ్ కాకుండా ఒక మనిషిని పంపించండి సార్, కాగితాలన్నీ చూపిస్తాను.